వెయ్యి లీటర్లు దాస్తే 232 చూపిస్తోంది: ఈఈప్రామ్‌లో పెద్ద సంఖ్య ఎలా దాచాలి?

బిందె_నీళ్లు
తెలిసినవాళ్ల ఆర్వో వాటర్ ప్లాంట్‌కి లీటర్ల మీటరు చేస్తున్నాను. ఆర్డుయినో యూనో (చిన్న కంట్రోలర్ బోర్డు), పైపుకి పల్సులిచ్చే ఫ్లో సెన్సర్ (లీటరుకి సుమారు 450 పల్సులు), 16x2 ఎల్‌సీడీ. కరెంటు పోయినా లెక్క పోకూడదని లీటరు తిరిగిన ప్రతిసారీ ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని, చిప్ లోపలి మెమరీ) ఈఈప్రామ్.రైట్(0, లీటర్లు) అని రాస్తున్నా. పవర్ ఆన్ అవగానే ఈఈప్రామ్.రీడ్(0)తో చదువుతున్నా.

నిన్న స్క్రీన్ మీద 1000 పడింది. కరెంటు పోయి వచ్చేసరికి 232! ఓనర్ గారేమో "మిగతా నీళ్లు ఎవడు తాగాడు?" అని నన్నడుగుతున్నారు. చిప్ పాడైందా? నకిలీ బోర్డు ఏమైనా అంటగట్టారా?

బిట్టు_బైటు
చిప్ శుభ్రంగా ఉంది. 1000లోంచి మూడు 256లు తీసేయండి, ఎంత మిగిలింది? 232. రైట్ అనేది ఒక్క బైటే రాస్తుంది, అంటే 0 నుంచి 255 దాకానే. మీరు ఎంత పెద్ద సంఖ్య ఇచ్చినా కింది బైటు రాసుకుని పై బైటుని పారేస్తుంది. కంపైలర్ (ప్రోగ్రామ్‌ని చిప్ భాషలోకి మార్చేది) కిక్కురుమనదు.

రైట్ బదులు పుట్, రీడ్ బదులు గెట్ వాడండి. వేరియబుల్ ఎన్ని బైట్లదో అవే చూసుకుంటాయి.

కోఠి_గల్లీ
బోర్డు నకిలీదే అయినా అందులో సాధారణంగా ఉండేది అదే అట్మెగా328పీ చిప్ లెండి. మా గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ బజారుని అనవసరంగా అనుమానించకండి 😄

బిందె_నీళ్లు
పుట్, గెట్ పెట్టాను, 1000 దాటినా బాగానే ఉంది. థ్యాంక్స్ బిట్టు గారూ. కానీ కొత్త తలనొప్పి. మొత్తం లీటర్లని 0లో, ఇవాళ్టి లీటర్లని 1లో పెట్టాను. రెండూ అన్‌సైన్డ్ లాంగ్ (మైనస్ లేని పెద్ద పూర్ణాంకం). ఇప్పుడు ఇవాళ్టిది మారినప్పుడల్లా మొత్తం పిచ్చి పిచ్చిగా మారుతోంది. ఇంకోటి, కొత్త బోర్డులో వేస్తే మొదటిసారే 4294967295 లీటర్లు అని చూపించింది.

వరంగల్_వైర్
ఊరంతటికీ సరిపోయే నీళ్లు ఒక్క పూటలో. ఓనర్ గారికి చూపించకండి, బిల్లు వేసేస్తారు.

బిట్టు_బైటు
అన్‌సైన్డ్ లాంగ్‌కి నాలుగు బైట్లు. 0లో మొదలుపెడితే 0, 1, 2, 3 గడులు నిండుతాయి. రెండోదాన్ని 1లో పెడితే మొదటిదాని మూడు బైట్ల మీద ఎక్కి కూర్చుంటుంది. రెండోదాన్ని 4లో పెట్టండి. అడ్రస్ అంటే ఎన్నో బైటు అని, ఎన్నో సంఖ్య అని కాదు.

ఖాళీ ఈఈప్రామ్‌లో ప్రతి గడిలోనూ 255 ఉంటుంది, సున్నా కాదు. అలాంటి గడులు నాలుగు కలిపి చదివితే 4294967295. ఇంట్‌గా (పూర్ణాంకంగా) చదివితే -1, ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) చదివితే నాన్, అంటే సంఖ్యే కాదని. ఆ సంఖ్య కనిపిస్తే "ఇంకా ఏమీ రాయలేదు" అని అర్థం చేసుకుని సున్నాతో మొదలుపెట్టండి.

పాత8051
ఈ పుట్, గెట్‌లు వచ్చాక కుర్రాళ్లు లోపల ఏం జరుగుతోందో చూడటమే మానేశారు. సంఖ్యని బైట్లుగా విడగొట్టడం చేత్తో చేయండి తమ్ముడూ. కింది బైటు, 8 బిట్లు కుడికి జరిపి రెండోది, 16 జరిపి మూడోది, 24 జరిపి నాలుగోది. చదివేటప్పుడు తిరగేసి కలపాలి. ఏ కంపైలర్‌లో అయినా, ఏ చిప్‌లో అయినా ఒకేలా పనిచేస్తుంది. 8051 చిప్‌ల కంపైలర్ కైల్ సీ51లో పెద్ద బైటు ముందు పెడుతుంది, యూనోకి వాడే ఏవీఆర్ జీసీసీలో చిన్న బైటు ముందు. యూనియన్‌తోనో పుట్‌తోనో దించేసి, ఆ మెమరీని ఇంకో చిప్‌తో చదివితే లెక్క తలకిందులవుతుంది.

బిట్టు_బైటు
పెద్దాయనా, ఆ 328పీ లోపలి ఈఈప్రామ్‌ని ఇంకో చిప్ ఎందుకు చదువుతుంది? రాసేదీ చదివేదీ అదే ప్రోగ్రామ్. బయట 24సీ సిరీస్ ఈఈప్రామ్ చిప్ పెట్టి దాన్ని రెండు రకాల కంట్రోలర్లు చదివితే మీ మాట నిజం. ఇక్కడ పుట్ చాలు.

పాత8051
ఇవాళ చాలు. రేపు ఆయన ఈఎస్పీ32 అనే ఇంకో రకం చిప్‌కి మారితే ఇంట్ రెండు బైట్ల నుంచి నాలుగు బైట్లవుతుంది. స్ట్రక్చర్ (వేరియబుల్స్ కట్ట) మొత్తాన్ని పుట్ చేసే అలవాటు ఉంటే మధ్యలో ఖాళీ బైట్లు కూడా వచ్చి చేరతాయి. అప్పుడు గుర్తొస్తాను లెండి.

లాజిక్_లక్ష్మి
మీరిద్దరూ చెప్పేది సగం సగం కరెక్టే. మారినా ఇబ్బంది లేకుండా ఇంట్, లాంగ్ అనకుండా యుఇంట్32_టీ లాంటి, ఎక్కడైనా సైజు మారని టైపులు వాడితే గొడవ చాలావరకు తీరుతుంది.

చేత్తో కలపాలనుకునేవాళ్లకి ఒక గుంట ఉంది, చూసి నడవండి. యూనోలో ఇంట్ 16 బిట్లే. పై బైటుని 8 బిట్లు ఎడమకి జరిపినప్పుడు ఫలితం ఇంట్‌లోనే ఉంటుంది. 33000 రాసి చదివారనుకోండి, పై బైటు 128, కింది బైటు 232. కలిపి లాంగ్‌లో వేస్తే -32536 వస్తుంది. 32767 దాకా బ్రహ్మాండంగా నడిచి, ఆ తర్వాత ఒక్కసారిగా మైనస్‌లోకి పోతుంది. ఇక 24 బిట్లు జరపడం 16 బిట్ల ఇంట్‌లో కుదిరే పనే కాదు. జరిపే ముందే ప్రతి బైటునీ యుఇంట్32_టీగా మార్చుకోవాలి.

గోదారి_గట్టు
బిందె గారూ, నాకో సందేహం. లీటరుకోసారి రాస్తున్నానన్నారు. ప్లాంట్ రోజుకి ఎన్ని లీటర్లు?

బిందె_నీళ్లు
ఎండాకాలం పదివేల లీటర్ల దాకా ఉంటుంది. ఏమైనా సమస్యా?

గోదారి_గట్టు
చిప్ కంపెనీ ఇచ్చే డేటాషీట్‌లో ఈఈప్రామ్ గడికి లక్ష రాతలు అని ఉంటుంది. రోజుకి పదివేలు. మీరే లెక్క వేసుకోండి.

బిందె_నీళ్లు
పది రోజులా!! ఇప్పుడు నిజంగానే టెన్షన్ పట్టుకుంది.

టంకం
అంత భయపడక్కర్లేదు. లక్ష అనేది కంపెనీవాడు హామీ ఇచ్చే కనీస సంఖ్య. లక్షా ఒకటో రాతకి చచ్చిపోదు. అంతకి ఎన్నో రెట్లు రాసినా పనిచేస్తున్న చిప్పులు చూశాను.

లాజిక్_లక్ష్మి
టంకం గారూ, మీ బల్ల మీద బోర్డు వేరు, ఎవరో డబ్బులిచ్చి కొనుక్కున్న మీటరు వేరు. ఇంట్లో చల్లగా ఉన్నది బతికిందని రేకుల షెడ్డులో ఉన్నదీ బతుకుతుందని చెప్పలేం. డేటా నిలబడే కాలం కూడా డేటాషీట్‌లో 25 డిగ్రీల దగ్గర 100 ఏళ్లు, 85 దగ్గర 20 ఏళ్లు అని ఉంది. వేడికి అంత తేడా.

బిందె గారూ, ముందు ఒక మంచి మాట. పుట్ ప్రతి బైటునీ రాయదు. పాత విలువతో పోల్చి, మారిన బైటునే రాస్తుంది. కాబట్టి పది రోజుల లెక్క అట్టడుగు బైటుకి మాత్రమే. దాని పైది 256 లీటర్లకోసారి మారుతుంది, రోజుకి 39 సార్లు, అంటే లక్షకి ఏడేళ్లు. అరిగేదల్లా ఆ ఒక్క గడే.

అందుకని ఆ ఒక్క గడినే అరగదీయకుండా 1024 బైట్లనీ వాడుకుందాం. నేను చేసే పద్ధతి ఇది. ఒక్కో రికార్డు 8 బైట్లు. మొదటి నాలుగు బైట్లు సంఖ్య, తర్వాతి నాలుగు బైట్లు అదే సంఖ్యకి కాంప్లిమెంట్, అంటే ప్రతి బిట్టూ తిరగేసినది. 1024లో 128 రికార్డులు పడతాయి. ప్రతిసారీ తర్వాతి రికార్డులో రాయాలి, చివరికొచ్చాక మళ్లీ మొదటికి. పవర్ ఆన్ అవగానే 128 కూడా చదివి, సంఖ్యా కాంప్లిమెంటూ సరిపోయినవాటిలో అన్నిటికంటే పెద్దది తీసుకోవాలి. లీటర్లు పెరగడమే తప్ప తగ్గవు కాబట్టి పెద్దదే తాజాది, వరస నంబరు విడిగా అక్కర్లేదు.

కాంప్లిమెంట్ ఎందుకంటే, ఖాళీ రికార్డులో ఎనిమిది బైట్లూ 255. సంఖ్యా 255లే, కాంప్లిమెంటూ 255లే, కాబట్టి జత కుదరదు, తనంతట తానే తప్పుకుంటుంది. మొత్తం సున్నాలైపోయినా అంతే. రాస్తుండగా మధ్యలో కరెంటు పోతే కొత్త బైట్లు కొన్ని, పాతవి కొన్ని ఉంటాయి, అప్పుడూ జత కుదరదు. అంతకుముందు రికార్డుని మనం ముట్టుకోలేదు కాబట్టి అది భద్రంగా ఉంటుంది. పోయేది ఆఖరి రాత మాత్రమే.

128 రికార్డులు, ఒక్కోదానికి లక్ష, మొత్తం 1.28 కోట్ల రాతలు. లీటరుకోసారి రాసినా మూడున్నరేళ్లు. పది లీటర్లకోసారి రాస్తే 35 ఏళ్లు.

వరంగల్_వైర్
అప్పటికి ప్లాంట్ పైపులే ఉండవు మేడమ్.

బిందె_నీళ్లు
లక్ష్మి గారూ చాలా బాగుంది. కానీ ఓనర్ గారికి రోజూ పొద్దున్నే సున్నా నుంచి మొదలవ్వాలి. సున్నా చేస్తే "పెద్దదే తాజాది" అన్నది పోతుంది కదా?

లాజిక్_లక్ష్మి
మొత్తాన్ని ఎప్పుడూ సున్నా చేయకండి. బండి మీటర్లో కిలోమీటర్లు, ట్రిప్ వేరువేరుగా ఉన్నట్టే ఇదీ. పొద్దున బటన్ నొక్కినప్పుడు ఉన్న మొత్తాన్ని వేరే చోట దాచుకోండి. ఇవాళ్టిది అంటే ఇప్పటి మొత్తంలోంచి పొద్దుటి మొత్తం తీసేసినది. రోజుకి ఒక్క రాతే కాబట్టి దానికి అరుగుదల బెంగ లేదు.

గోదారి_గట్టు
వేరే చోట అంటే ఎక్కడ? 128 రికార్డులకే 1024 బైట్లూ అయిపోయాయిగా 🙂

లాజిక్_లక్ష్మి
పట్టేశారు. 120 రికార్డులు చాలు. 960 బైట్లు వాటికి, మిగతా 64 పొద్దుటి లెక్కకీ, కాలిబ్రేషన్ విలువకీ.

సర్క్యూట్_సీను
ఇంత గోల ఎందుకు బ్రో, ఫ్లోట్ వాడితే లీటర్లూ పాయింట్లూ అన్నీ ఒకే దాంట్లో వస్తాయి. పల్సు వచ్చినప్పుడల్లా 1/450 కలుపుతూ పో.

పాత8051
వద్దు వద్దు వద్దు.

బిట్టు_బైటు
పెద్దాయనతో మొదటిసారి ఏకీభవిస్తున్నా. సీనూ, యూనోలో ఫ్లోట్ నాలుగు బైట్లు. డబుల్ అని రాసినా నాలుగే. అందులో అంకెలకి దొరికేది 24 బిట్లు. ఒక పల్సు అంటే 0.0022 లీటరు. సంఖ్య 16384 దాటాక ఫ్లోట్‌లో పక్కపక్క విలువల మధ్య దూరం 0.00195. అంటే 0.0022 కలపమంటే 0.00195 కలుపుతుంది, లెక్క తగ్గుతుంది. 32768 దాటాక ఆ దూరం 0.0039. ఇప్పుడు ప్రతి పల్సుకీ 0.0039 కలుపుతుంది, మీటరు దాదాపు రెట్టింపు వేగంతో తిరుగుతుంది. 65536 దాటాక దూరం 0.0078. మన 0.0022 దాంట్లో సగం కూడా లేదు కాబట్టి అసలేమీ కలవదు. నీళ్లు పోతూనే ఉంటాయి, మీటరు కదలదు. పదివేల లీటర్ల ప్లాంట్‌లో ఇదంతా ఒక్క వారంలో జరిగిపోతుంది.

సర్క్యూట్_సీను
అమ్మో. మధ్యలో రెట్టింపు వేగం అన్న పాయింట్ ఓనర్ గారికి నచ్చుతుందేమో.

గోదారి_గట్టు
పోనీ పల్సులే దాచుకుందాం అనుకుంటారేమో, అదీ చూసుకోండి. రోజుకి 45 లక్షల పల్సులు. 32 బిట్లలో 429 కోట్లు పడతాయి కాబట్టి రెండున్నరేళ్లు దాటాక తిరిగి సున్నాకొచ్చేస్తుంది. లీటర్లు పూర్ణాంకంగా ఉంచి, 450కి లోపు మిగిలిన పల్సులు ర్యామ్‌లో ఉంచుకోవడం మేలు. కరెంటు పోతే లీటరులోపే పోతుంది.

ఇంటరప్ట్_ఇస్మాయిల్
ఇంతమంది రాశారు, ఇది ఎవరూ అడగలేదు. పల్సుల లెక్క ఇంటరప్ట్‌లో (పల్సు రాగానే చేస్తున్న పని ఆపి నడిచే కోడ్) పెరుగుతోందా? మెయిన్ లూప్‌లో ఆ వేరియబుల్‌ని నేరుగా చదువుతున్నారా?

బిందె_నీళ్లు
అవును అన్నా. వోలటైల్ అని కూడా పెట్టాను. అది చాలదా?

ఇంటరప్ట్_ఇస్మాయిల్
చాలదు. వోలటైల్ అంటే "ప్రతిసారీ మెమరీలోంచే తెచ్చుకో" అని కంపైలర్‌కి చెప్పడం మాత్రమే. యూనో 8 బిట్ల చిప్, రెండు బైట్ల సంఖ్యని కూడా ఒక్కో బైటుగా తెచ్చుకుంటుంది. లెక్క 255 దగ్గర ఉంది. లూప్ కింది బైటు తెచ్చుకుంది, అది 255. సరిగ్గా అప్పుడే పల్సు వచ్చి ఇంటరప్ట్ పడింది, లెక్క 256 అయింది, అంటే కింది బైటు 0, పై బైటు 1. ఇంటరప్ట్ ముగిశాక లూప్ పై బైటు తెచ్చుకుంది, 1. చేతికొచ్చింది 511. అలాంటి సంఖ్య ఆ మీటర్లో ఎప్పుడూ లేదు, కానీ మీరు దాన్నే ఈఈప్రామ్‌లో దాచేస్తారు. లక్ష్మి మేడమ్ పద్ధతిలో "పెద్దదే తాజాది" కాబట్టి తప్పుడు పెద్ద సంఖ్య ఒక్కసారి లోపలికి పోతే ఇక అదే రాజ్యమేలుతుంది.

మందు చిన్నదే. నోఇంటరప్ట్స్ అని ఇంటరప్ట్‌లు ఆపడం, ఆ వేరియబుల్‌ని లోకల్ వేరియబుల్‌లోకి కాపీ, వెంటనే ఇంటరప్ట్స్ అని మళ్లీ వదలడం. ఆ తర్వాత కాపీతోనే పని. అలాగని ఈఈప్రామ్ రాతని కూడా ఆ రెండింటి మధ్య ఇరికించకండి. ఒక బైటు రాయడానికి సుమారు 3.3 మిల్లీసెకన్లు పడుతుంది, ఆలోపు పల్సులు పోతాయి. ఇంటరప్ట్ లోపల్నుంచి ఈఈప్రామ్ రాయడం అసలు వద్దు.

లాజిక్_లక్ష్మి
ఇస్మాయిల్ గారి మాట నూటికి నూరు పాళ్లు నిజం. పైన రాసిన దానికి ఒకటి కలుపుతున్నాను: కొత్త సంఖ్య పాతదానికంటే సరిగ్గా మీరనుకున్నంతే పెరిగితే రాయండి, లేకపోతే రాయకండి.

టంకం
నా ఓటు వేరే పద్ధతికి. అసలు రోజంతా రాయడం ఎందుకు? కరెంటు పోతున్నప్పుడు ఒక్కసారి రాస్తే సరి. సప్లై దగ్గర డయోడ్, దాని తర్వాత పెద్ద కెపాసిటర్. డయోడ్‌కి ముందు వోల్టేజీ పడిపోవడం కనిపెట్టగానే రాసేయడం. రోజుకి పది కోతలున్నా లక్ష రాతలు అయ్యేసరికి 27 ఏళ్లు పడుతుంది.

పాత8051
కెపాసిటర్ ఎంత?

టంకం
ఎనిమిది బైట్లకి 27 మిల్లీసెకన్లు. బోర్డు 30 మిల్లీయాంప్స్ తాగుతుందనుకుంటే, ఒక వోల్టు పడేలోపు పని అయిపోవాలంటే 810 మైక్రోఫారడ్లు. 2200 పెడితే నిశ్చింత. ఎల్‌సీడీ బ్యాక్‌లైట్‌ని మాత్రం డయోడ్‌కి ముందు వైపే ఉంచాలి, లేకపోతే దాచుకున్నదంతా అదే తాగేస్తుంది.

పాత8051
ఆ ఎండలో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఎండిపోతే? మొదటి ఏడాది అంతా బాగుంటుంది, తర్వాత ఒక మధ్యాహ్నం కోతకి లెక్క ఎగిరిపోతుంది. నేనైతే లక్ష్మి గారి రికార్డులే నమ్ముతాను. కావాలంటే దాని మీద ఇది కూడా పెట్టుకోండి.

ఇంకో మాట. యూనోలో బ్రౌన్ అవుట్ (వోల్టేజీ ఎంతకి పడితే చిప్‌ని ఆపేయాలో ఆ హద్దు) 2.7 వోల్టులకి పెట్టి వస్తుంది. 16 మెగాహెర్ట్జ్ దగ్గర అంత తక్కువ వోల్టేజీలో చిప్ ఏం చేస్తుందో చెప్పలేం, రాయమనని గడిలో కూడా రాయొచ్చు. 4.3 వోల్టులకి మార్చండి. "అడ్రస్ 0 వాడొద్దు, అది పాడవుతుంది" అని చాలామంది అంటారు. పాడుచేసేది అడ్రస్ కాదు, పడిపోతున్న వోల్టేజీ.

టంకం
4.3కి పెడితే నా ఒక వోల్టు లెక్క కుదరదు. 0.7 వోల్టే దొరుకుతుంది, అంటే 1160 మైక్రోఫారడ్లు. అయినా 2200 సరిపోతుంది 😎

లాజిక్_లక్ష్మి
5 వోల్టుల వైపు డయోడ్ పెడితే అక్కడే 0.6 పోతుంది, 0.7లో మిగిలేది దాదాపు ఏమీ లేదు. తక్కువ వోల్టేజీ తినే షాట్కీ డయోడ్ వాడాలి, లేదా రెగ్యులేటర్‌కి ముందు 9 వోల్టుల వైపు పెట్టాలి.

టంకం
రెగ్యులేటర్‌కి ముందే. అది రాయడం మర్చిపోయానంతే.

కోఠి_గల్లీ
లక్ష రాతలు అని కొట్టుకునే బదులు ఎఫ్‌ర్యామ్ (కరెంటు పోయినా చెరగని ఇంకో రకం మెమరీ చిప్) కొనండి. ఎంబీ85ఆర్‌సీ256వీ లాంటిది లక్ష కోట్ల రాతలు ఓర్చుకుంటుంది, రాయడానికి ఆగనక్కర్లేదు. తగిలించేది ఐ2సీ అనే రెండు వైర్ల మీదనే.

వరంగల్_వైర్
ధర?

కోఠి_గల్లీ
మాడ్యూల్ కొంటే యూనో క్లోన్‌తో పోటీ పడుతుంది. అందుకే గుట్టుగా చెప్పా.

సర్క్యూట్_సీను
నా దగ్గర డీఎస్3231 ఆర్టీసీ (గడియారం) మాడ్యూల్ ఉంది. దాని మీదే ఏటీ24సీ32 ఈఈప్రామ్ ఉంటుంది కదా, 4096 బైట్లు. అది వాడొచ్చా?

ఇంటరప్ట్_ఇస్మాయిల్
వాడొచ్చు. ఒక్కటి గుర్తుంచుకో తమ్ముడూ. అందులో పేజీ 32 బైట్లు. నాలుగు బైట్ల సంఖ్యని 30లో మొదలుపెట్టి ఒకేసారి పంపితే, రెండు బైట్లు 30, 31లో పడతాయి, మిగతా రెండూ 32, 33లోకి పోవు. వెనక్కి తిరిగి 0, 1లో పడి అక్కడున్నదాన్ని చెరిపేస్తాయి. అడ్రస్‌లు నాలుగు గుణిజాల్లోనో, ఎనిమిది గుణిజాల్లోనో ఉంచితే ఏ సంఖ్యా పేజీ గట్టు దాటదు. రాశాక అది తేరుకునేదాకా ఆగాలి, ఆ కాసేపు పిలిచినా పలకదు.

సర్క్యూట్_సీను
ఈఎస్పీలో అయితే ఈ బాధలు ఉండవు కదా?

బిట్టు_బైటు
వేరే బాధలుంటాయి. అందులో ఈఈప్రామే లేదు, ఫ్లాష్‌లో ఒక ముక్కని అలా పిలుస్తారు. ముందు బిగిన్‌లో సైజు చెప్పాలి, చివర కమిట్ అనాలి. కమిట్ మర్చిపోతే పుట్ చేసినదంతా ర్యామ్‌లోనే ఉండి కరెంటుతో పాటే పోతుంది. ఈఎస్పీ8266లో నాలుగు బైట్లు మార్చినా 4096 బైట్ల సెక్టారంతా చెరిపి మళ్లీ రాస్తుంది. ఈఎస్పీ32లో ప్రిఫరెన్సెస్ లైబ్రరీ వాడు, పేరు పెట్టి దాచుకోవచ్చు, అడ్రస్‌ల లెక్క ఉండదు.

బిందె_నీళ్లు
లక్ష్మి గారి 120 రికార్డులు, పది లీటర్లకోసారి రాత, ఇస్మాయిల్ అన్న చెప్పిన కాపీ, అన్నీ పెట్టాను. ప్లగ్గు పీకుతూ పెడుతూ చూశాను, ప్రతిసారీ లెక్క నిలబడింది, పది లీటర్లలోపు తేడాతో. ఓనర్ గారు ఆ తేడాకి ఒప్పుకున్నారు.

కానీ బ్రౌన్ అవుట్ 4.3కి మార్చడానికి యూఎస్‌బీఏఎస్‌పీ ప్రోగ్రామర్ తగిలించి ఫ్యూజు (చిప్ లోపలి సెట్టింగు) మార్చి, మళ్లీ ప్రోగ్రామ్ ఎక్కించాను. మొత్తం సున్నాకొచ్చింది. యూఎస్‌బీ కేబుల్‌తో ఎక్కించినప్పుడు ఇలా అవ్వలేదే?

పాత8051
కేబుల్‌తో ఎక్కిస్తే బూట్‌లోడర్ (చిప్‌లో ముందే ఉండే, ప్రోగ్రామ్ ఎక్కించే చిన్న కోడ్) ప్రోగ్రామ్ ఉండే ఫ్లాష్‌ని మాత్రమే మారుస్తుంది. ప్రోగ్రామర్‌తో ఎక్కిస్తే ముందు చిప్ ఎరేజ్ జరుగుతుంది, ఈఈప్రామ్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ఈఈసేవ్ అని ఒక ఫ్యూజు బిట్టు ఉంది, అది వేస్తే ఎరేజ్‌లో ఈఈప్రామ్‌ని వదిలేస్తుంది. యూనో హై ఫ్యూజు హెక్స్‌లో డీఈ అని ఉంటుంది, దాన్ని డీ6 చేయండి. ముందు చదివి చూసుకుని మార్చండి, నానో పాత బూట్‌లోడర్‌ది డీఏ, దానికైతే డీ2.

బిందె_నీళ్లు
చదివితే డీఈ వచ్చింది. డీ6 రాసేశాను, ఈసారి ఎరేజ్ తర్వాత కూడా లెక్క ఉంది. పాత మొత్తం ఓనర్ గారి నోటుపుస్తకంలో ఉంది, సీరియల్ మానిటర్ నుంచి ఆ సంఖ్య ఒక రికార్డుగా రాయించేస్తా.

లాజిక్_లక్ష్మి
రాయించేటప్పుడు కాంప్లిమెంట్ కూడా రాయండి, లేకపోతే మీ ప్రోగ్రామే దాన్ని నమ్మదు.